గుండెలో రంధ్రం ఉంది.. జ్వరం తగ్గట్లేదు!

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. పటాన్‌చెరులో ఓ పరిశ్రమలో పని చేస్తాను. పుట్టుకతోనే గుండెలో చిన్న రంధ్రం ఉంది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. రెండు వారాలుగా సాయంత్రమయితే జ్వరం, చెమటలు. పన్ను నొప్పి కూడా ఉంది. మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వాడితే తగ్గి, మళ్లీ వస్తోంది. భయపడాలా?
- ఒక పాఠకుడు, పోతిరెడ్డిపల్లి

జవాబు: ఆలస్యం చేయకండి, ఈరోజే ఆసుపత్రికి వెళ్లండి. ఇది మామూలు జ్వరమే కావచ్చు. కానీ మీ విషయంలో ముందు గుండె లోపలి పొరకు, కవాటాలకు ఇన్‌ఫెక్షన్ (ఎండోకార్డైటిస్) లేదని తేల్చుకోవాలి. కొన్ని రకాల రంధ్రాల్లోంచి రక్తం వేగంగా చిమ్మి గుండె లోపలి పొరను గరుకుగా చేస్తుంది. చిగుళ్ల నుంచి రక్తంలో చేరిన బ్యాక్టీరియా అక్కడ అతుక్కుని పెరుగుతుంది.

సొంతంగా మందులు వాడటం ఆపండి. అరకొర మోతాదు జ్వరాన్ని అణచి, రక్తపరీక్షలో బ్యాక్టీరియా దొరక్కుండా చేస్తుంది. వేసుకున్న మాత్రల పేర్లు, గుండెలో రంధ్రం సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి. సాధారణంగా మూడుసార్లు రక్తం తీసి కల్చర్ చేస్తారు, ఎకో తీస్తారు. జబ్బని తేలితే 4 నుంచి 6 వారాలు చికిత్స, ఎక్కువగా ఇంజెక్షన్లే. కొందరికి ఆపరేషన్ అవసరమవుతుంది. సంగారెడ్డి ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోండి. అవసరమైతే హైదరాబాద్ నిమ్స్‌కు వెళ్లొచ్చు. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో అడగండి.

ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం, మాట తడబాటు, కాలు చేయి పడిపోవడం కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేయండి.

ఇకపై రోజూ రెండుసార్లు పళ్లు తోముకోండి, ఆరు నెలలకోసారి దంతవైద్యుణ్ని కలవండి. మీ గుండెకు అదే పెద్ద రక్ష.