లేజర్‌తో రోమాల తొలగింపు: వెళ్లేముందు తెలుసుకోవలసిన సంగతులు

ముఖం మీద, చేతుల మీద ఉన్న అవాంఛిత రోమాలను లేజర్‌తో తీయించుకోవచ్చా అని బహదూర్‌పురా, కిషన్‌బాగ్ పరిసరాల సోదరీమణులు తరచూ అడుగుతుంటారు. తీయించుకోదలిస్తే ముందుగా ఏం చేయాలి అని అడిగేవారు మాత్రం తక్కువ. అసలు నష్టం జరిగేది ఈ రెండవ విషయంలోనే. నికాహ్ తేదీ ఖాయం కాగానే నెల రోజుల్లో పని ముగించాలని పరుగులు పెడతాం. చివరికి అమ్మాయి చెంపల మీద రోమాలకు బదులు కాలిన మచ్చలు మిగులుతాయి.

ముందు ధర్మం సంగతి చూద్దాం. శరీర శుభ్రత మన ధర్మంలో చిన్న విషయం కాదు. చంకలలోని, నాభి క్రింది రోమాలను తొలగించడాన్ని దైవప్రవక్త (సఅసం) ఫిత్రత్‌లో, అంటే మానవుని సహజ స్వభావానికి చెందిన పనులలో చేర్చారు. ఈ పనులను నలభై రోజులకు మించి వాయిదా వేయరాదని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ద్వారా తెలుస్తోంది. ఏ సాధనంతో తీయాలనే విషయంలో ఉలమాలు వెసులుబాటు చూపారు. కనుక లేజర్ అనే పరికరంలో దానికదిగా దోషం లేదు. స్త్రీకి గడ్డం, మీసం వంటివి వస్తే తొలగించుకోవడం మంచిదేనని హనఫీ ఫుఖహాలు స్పష్టంగా వ్రాశారు. అది అల్లాహ్ సృష్టిని మార్చడం క్రిందకు రాదు. ఫ్యాషన్ కోసం కనుబొమలను పీకించి సన్నగా చేయించుకోవడం మాత్రం హదీసులో నిషేధించబడింది. వైద్యపరంగా చూసినా లేజర్‌ను కంటికి అంత దగ్గరగా వాడకూడదు, చూపుకే ప్రమాదం.

అయితే ఎవరు తీస్తారు, ఎక్కడ తీస్తారు అన్నది మరో విషయం. ఒక స్త్రీ మరో స్త్రీ ముందు కూడా నాభి నుండి మోకాళ్ల వరకు కప్పుకోవాలి. వైద్య అవసరం ఉంటే ఆ మేరకు సడలింపు ఉంది గాని, అలంకరణ కోసం లేదు. రహస్యాంగాల రోమాలను ఇంట్లో తామే బ్లేడుతోనో, క్రీముతోనో తీసుకోగలిగినప్పుడు పార్లర్ అమ్మాయి ముందు సతర్ విప్పడానికి ఏ అవసరమూ కనిపించదు. ‘ఫుల్ బాడీ ప్యాకేజీ’ చౌకగా వస్తోందని డబ్బు కట్టేవారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. ముఖం, చేతులు, చంకల కోసమైతే మిషను పట్టేది స్త్రీయేనా, గదిలో కెమెరా ఉందా అని ఫోనులోనే అడిగి తెలుసుకోవాలి. చాలా క్లినిక్కులలో ముందూ తరువాతా ఫోటోలు తీస్తారు. వాటిని ప్రచారానికి వాడరాదని సంతకం పెట్టే కాగితం మీదే వ్రాయించుకోండి. అందులో మొహమాటం అక్కరలేదు.

ఇక వైద్యం. గడ్డం క్రింద, పై పెదవి మీద ముదురు రోమాలు వస్తూ, నెలసరి సక్రమంగా రాకపోతే ముందుగా వెళ్లవలసింది లేజర్ దగ్గరకు కాదు, డాక్టరు దగ్గరకు. అండాశయాలలో నీటితిత్తుల సమస్య, అంటే పీసీఓఎస్, దీనికి అన్నిటికన్నా సాధారణమైన కారణం. హార్మోనుల తేడా అలాగే ఉండగా ఎన్నిసార్లు లేజర్ చేయించినా కొత్త రోమాలు వస్తూనే ఉంటాయి. బహదూర్‌పురా నుండి మూసీ దాటితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఉంది. వేలకు వేలు ప్యాకేజీకి కట్టే ముందు అక్కడి చర్మవ్యాధుల విభాగంలో ఒకసారి చూపించుకుంటే పోయేదేమీ లేదు. ఈ రోమాలు అమ్మాయి చేసిన తప్పు కాదని ఇంటి పెద్దలు గ్రహించాలి. సంబంధం చూడటానికి వచ్చిన ఆడవాళ్ల ముందు ఆ పిల్ల దుపట్టాతో గడ్డం దాచుకుని కూర్చునే పరిస్థితి తెచ్చేది మన మాటలే.

మరో కారణం మన ఇంటి అలమరాలోనే ఉంటుంది. తెల్లబడటానికని మందుల షాపులో కొని నెలల తరబడి పూసుకునే కొన్ని క్రీములలో స్టెరాయిడ్ ఉంటుంది. అది చర్మాన్ని పల్చబరుస్తుంది, ముఖం మీద రోమాలనూ పెంచుతుంది. ఇలాంటి పలు క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన విధించింది. అటువంటి క్రీము వాడుతున్న చర్మం మీద లేజర్ పడితే సులభంగా కాలుతుంది. కనుక ఏ క్రీము వాడుతున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. మొటిమల కోసం వేసుకునే డాక్సీసైక్లిన్ వంటి మాత్రల సంగతి, గర్భం సంగతి, పెదవి మీద తరచూ నీటిపొక్కులు లేచే సంగతి కూడా చెప్పాలి. గర్భవతులు ప్రసవం అయ్యేదాకా దీన్ని వాయిదా వేసుకోవడమే మంచిది.

లేజర్ పని చేసే తీరు తెలిస్తే మిగతా జాగ్రత్తలు వాటంతటవే అర్థమవుతాయి. ఆ కాంతి నల్లని వర్ణకాన్ని, అంటే మెలనిన్‌ను వెదుక్కుంటూ పోతుంది. వెంట్రుకలోని నలుపు దాన్ని పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడి కుదురును దెబ్బ తీస్తుంది. అందుకే నెరిసిన వెంట్రుకల మీద లేజర్ పని చేయదు. చిక్కంతా ఏమిటంటే మన చర్మంలో కూడా అదే మెలనిన్ ఉంది. చామనఛాయ వారికి, నలుపు వారికి చర్మం లోతుకు దిగే 1064 నానోమీటర్ల ఎన్‌డి యాగ్ లేజర్ ఎక్కువ సురక్షితమని వైద్యులు చెబుతారు. మిషను పేరు అడగండి. ముందుగా చిన్నచోట పరీక్షించి, కొన్ని రోజులు ఆగి చూడమనండి. ‘అవసరం లేదు’ అనే చోట నుండి లేచి రావడమే క్షేమం.

కాంతి వెదికేది కుదురులోని వెంట్రుకను. దారంతోనో, వ్యాక్స్‌తోనో దాన్ని వేరుతో పీకేసి వెళితే లేజర్‌కు అక్కడ పనే ఉండదు. అందుకే కనీసం నాలుగు వారాల ముందు నుండి థ్రెడింగ్, వ్యాక్సింగ్, పీకడం ఆపాలి. ముందురోజు రేజర్‌తో గీసుకుని వెళ్లాలి. గీయకపోతే పైనున్న వెంట్రుక మండి చర్మాన్ని కాలుస్తుంది. గీస్తే రోమాలు దట్టమవుతాయని మన అమ్మమ్మల కాలం నుండి వింటున్న మాటకు ఆధారం లేదు. మొద్దుబారిన కొన వల్ల గరుగ్గా తగులుతుంది, అంతే.

ఎండ తగిలి నల్లబడిన చర్మానికి ప్రమాదం ఎక్కువ. బురఖా చేతులను కాపాడుతుంది గాని, స్కూటీ మీద వెళ్లే వారి ముఖానికి, ముంజేతులకు ఎండ తగులుతూనే ఉంటుంది. అక్కడ సన్‌స్క్రీన్ పూసుకోవాలి. మెహందీ ఉన్న చోట లేజర్ చేయించరాదు, రంగు పూర్తిగా పోయేదాకా ఆగాలి. ఆ రోజు అత్తరు, నూనె, మేకప్ ఏదీ పూసుకోవద్దు. పెళ్లికూతురికి మాంజేలో పసుపు, ఉబ్టన్ రుద్దుతారు కదా, చివరి సిట్టింగ్‌కూ మాంజేకూ మధ్య కనీసం రెండు వారాలు ఎడం ఉంచండి.

నెలలో అయిపోతుందన్న మాట నమ్మకండి. ఒకే సమయంలో అన్ని రోమాలూ పెరిగే దశలో ఉండవు. అందుకే సుమారు ఆరు నుండి ఎనిమిది సిట్టింగ్‌లు పడతాయి. ముఖానికి నాలుగు నుండి ఆరు వారాలు, శరీరానికి ఆరు నుండి ఎనిమిది వారాలు ఎడం ఉండాలి. దీన్ని శాశ్వత తొలగింపు అనడం కన్నా తగ్గింపు అనడమే సరైనది. ఎదిగే అమ్మాయి చెంపల మీది సన్నని నూగును లేజర్‌కు అప్పగించకండి. అటువంటి చోట కొందరికి రోమాలు తగ్గడానికి బదులు పెరిగిన సందర్భాలను వైద్యులు నమోదు చేశారు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది తిమ్మిరి క్రీము. నొప్పి తెలియకూడదని అమెరికాలో 22, 25 ఏళ్ల ఇద్దరు యువతులు కాళ్లకు ఆ క్రీము పూసుకుని, పైన ప్లాస్టిక్ కవరు చుట్టుకున్నారు. మందు రక్తంలోకి దిగి మూర్ఛలు వచ్చి, స్పృహ కోల్పోయి, చివరికి మరణించారు. ఈ ఉదంతాలను పేర్కొంటూ అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2007లో హెచ్చరిక జారీ చేసింది. డాక్టరు చెప్పకుండా ఆ క్రీమును సొంతంగా కొనవద్దు, పెద్ద భాగానికి పూయవద్దు, కవరు అసలే చుట్టవద్దు.

లేజర్ తరువాత కాస్త ఎరుపు, వాపు ఉంటే చల్లని గుడ్డ అద్దితే తగ్గుతుంది. వుజూకు అభ్యంతరం లేదు, వేడి నీళ్లు మాత్రం వాడవద్దు. పొక్కు లేచి నీరు తగిలితే హాని అనిపిస్తే ఆ చోట మసహ్ చేస్తే చాలు. కట్టు ఉంటే కట్టు మీదే మసహ్ చేయాలి. అలా పొక్కులు లేస్తే డాక్టరుకు చూపించేదాకా తరువాతి సిట్టింగ్‌కు వెళ్లకండి. ఒకటి నుండి మూడు వారాలలో కాలిన వెంట్రుకలు మొలకల్లా పైకి వచ్చి రాలిపోతాయి. కొత్తవి వచ్చాయనుకుని వాటిని దారంతో పీకవద్దు. అవసరమైతే రేజరే వాడండి.