ఇంటి గుట్టు క్లాసులో పాఠమా?

సమస్య



నాకు 21 ఏళ్లు. ఈ ఏడాదే డిగ్రీ పూర్తయింది. మా నాన్నగారు యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసర్. క్యాంపస్ క్వార్టర్స్‌లోనే పుట్టి పెరిగాను. పీజీసెట్ రాస్తే ఆయన డిపార్ట్‌మెంట్‌లోనే ఎమ్మెస్సీ సైకాలజీ సీటొచ్చింది. ఇంట్లో అందరూ సంతోషించారు. పోయిన నెల దాకా నేనూ సంతోషంగానే ఉన్నాను.

నాన్నగారి క్లాసంటే క్యాంపస్‌లో మంచి పేరు. "సార్ క్లాసులో నిద్ర రాదు", "పుస్తకం చూసి చదవరు", "పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లు కూడా వచ్చి వెనక బెంచీల్లో కూర్చుంటారు" అని చిన్నప్పటినుంచీ వింటున్నాను. పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. "సిలబస్ సగంలో ఆగిపోతుంది, స్టాటిస్టిక్స్ మాత్రం మన తిప్పలు మనం పడాలి" అంటారు. కానీ ఇంటర్నల్ మార్కుల్లో పక్షపాతం చూపిస్తారని ఒక్కరూ అనరు. హాస్టల్లో ఎవరికైనా మనసు బాగాలేదని కబురొస్తే అర్ధరాత్రి అయినా చొక్కా వేసుకుని బయల్దేరతారు. సెమిస్టర్ చివర పిల్లలిచ్చే ఫీడ్‌బ్యాక్‌లో ఎప్పుడూ ఆయనే ముందుంటారు. ఆ అభిప్రాయాలు ఇంటికి తెచ్చి మాకు చదివి వినిపించేవారు. ప్రతిసారీ ఒక మాట ఉండేది: "సార్ చెప్పే ఇంటి ఉదాహరణలు సూపర్. పరీక్షలో గుర్తుంటాయి." ఆ ఉదాహరణలేమిటో మేమెప్పుడూ అడగలేదు.

పోయిన నెల గేటు దగ్గర జిరాక్స్ షాపులో మొదటి సెమిస్టర్ నోట్స్ కొనుక్కున్నాను. ఎవరో సీనియర్ క్లాసులో చెప్పింది చెప్పినట్టు రాసుకున్న నోట్స్, స్పైరల్ బైండింగ్ చేసి అమ్ముతున్నారు. అందులో కండిషనింగ్ పాఠం కింద నా ముద్దుపేరు ఉంది. "సార్ వాళ్ల అమ్మాయి, 9 ఏళ్ల దాకా పక్క తడిపేది. మౌరర్ పద్ధతి, 1938. తడి తగలగానే గంట మోగే పరుపు" అని రాసి పక్కన స్టార్ గుర్తు పెట్టారు. క్యాంపస్‌లో అందరూ నన్ను ఆ ముద్దుపేరుతోనే పిలుస్తారు. ఇంకో చోట 'నేర్చుకున్న నిస్సహాయత' కింద, నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఫిజిక్స్ తప్పి గది తలుపేసుకున్న సంగతి ఉంది. సప్లిమెంటరీలో పాసయ్యానని మాత్రం ఎక్కడా లేదు. మరో పేజీలో అమ్మ. నేను పుట్టాక మూడు నెలల పాటు నన్ను ఎత్తుకోలేదట. ఈ సంగతి ఇంట్లో నాకు ఎవరూ చెప్పలేదు. నోట్స్‌లో చదివి తెలుసుకున్నాను.

కౌన్సెలింగ్‌కి వచ్చిన వాళ్ల సంగతులు కూడా ఆ నోట్స్‌లో ఉన్నాయి. అవన్నీ "మిస్టర్ ఎ", "మిస్ బి" అని ఉన్నాయి. ఊళ్లు కూడా మార్చి చెబుతున్నానని సార్ అన్నట్టు రాసుంది.

నాన్నగారంటే నాకు ప్రాణం. ఆయనతో ఇంకా ఏమీ అనలేదు. అమ్మకీ చూపించలేదు. ఆ క్లాసులో ఆ పిల్లల మధ్య ఎలా కూర్చోవాలో తెలియడం లేదు. వేరే ఊళ్లో చేరిపోనా? లేక నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?

పేరు వద్దు, కోస్తా ఆంధ్ర

సలహా

ఎక్కువ ఆలోచించడం లేదమ్మా. నీ స్థానంలో ఎవరున్నా నెల రోజులు ఇలా నోరు మూసుకుని ఉండేవారు కారు. నీ ఉత్తరం అచ్చువేసే ముందు నీకు ఫోన్ చేశాం, నువ్వు సరేనన్నాకే, నిన్ను పట్టిచ్చే గుర్తులు మార్చి వేస్తున్నాం. ముక్కూ మొహం తెలియని మేం ఈ మాత్రం జాగ్రత్త పడ్డాం. కన్నతండ్రి పడలేదు.

నీ ఉత్తరానికి జవాబు రాయాలని నన్ను కూర్చోబెట్టింది ఆ మిస్టర్ ఎ, మిస్ బి. ఆ రెండు ముక్కలూ లేకపోతే నేనూ మీ నాన్నగారిని వెనకేసుకొచ్చేదాన్నేమో. పాఠం ఊపులో నోరు జారారు, మనసులో ఏమీ లేదు అని నీకు సర్దిచెప్పేదాన్ని. కానీ అది నోరు జారడం కాదు. కౌన్సెలింగ్‌కి వచ్చిన పిల్లల పేరు మార్చాలని ఆయనకు తెలుసు, గుర్తుంది, ప్రతిసారీ చేస్తున్నారు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమావళి ఈ విషయంలో స్పష్టంగా ఉంది. తమ దగ్గరికి వచ్చినవాళ్ల సంగతులు పాఠాల్లో చెప్పాలంటే ఆనవాలు తెలియకుండా మార్చి చెప్పాలి, లేదా వాళ్ల చేత రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కూడా రోగి వివరాలు గోప్యంగా ఉండటాన్ని హక్కుగా గుర్తించింది. ఇవన్నీ ఆయన చదివినవే, చెప్పేవే. అయినా ఇంటి గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి ఆ నియమం ఆగిపోయింది. మిస్ బి సంగతి మిస్ బిది అని ఆయన నమ్ముతున్నారు. నీ సంగతి మాత్రం తనది అనుకుంటున్నారు. నాకు కోపం వచ్చింది ఇక్కడే.

ఫ్రాయిడ్ 1909లో అచ్చువేసిన 'లిటిల్ హాన్స్' కేసు నువ్వు ఎలాగూ చదువుతావు. గుర్రాలంటే హడలిపోయే అయిదేళ్ల పిల్లవాడు. వాడి మాటలన్నీ రాసి ఫ్రాయిడ్‌కి పంపింది కన్నతండ్రే. కానీ అచ్చులో పేరు మార్చారు. ఆ పిల్లవాడు 19 ఏళ్లవాడయ్యాక, 1922లో, తనంతట తానే ఫ్రాయిడ్ దగ్గరికి వెళ్లి ఆ హాన్స్‌ని నేనే అన్నాడు. ఆ కేసు చదివితే అది తన కథ అనే అనిపించలేదని చెప్పాడట. అతని అసలు పేరు హెర్బర్ట్ గ్రాఫ్. తర్వాత న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరాలో ఏళ్ల తరబడి దర్శకుడిగా పనిచేశాడు. ఫ్రాయిడ్ సిద్ధాంతాల మీద ఎవరెన్ని తగాదాలు పడినా, ఆ పిల్లవాడికి ఒకటి దక్కింది. హాన్స్ తనేనని చెప్పాలో వద్దో, ఎప్పుడు చెప్పాలో అతను నిర్ణయించుకోగలిగాడు. నీకు ఆ వీలు మిగలలేదు. నువ్వు మొదటి రోజు క్లాసులో అడుగుపెట్టకముందే అక్కడున్న సగం మందికి నీ పక్కబట్టల సంగతి తెలుసు.

ప్రేమ ఉన్నంత మాత్రాన ఇది తప్పు కాకుండా పోదు. అమెరికన్ సైకాలజిస్టు బి.ఎఫ్. స్కిన్నర్ తన కూతురు డెబోరా కోసం వెచ్చదనం ఒకేలా ఉండే గాజు తలుపుల తొట్టి తయారుచేసి, 1945లో ఒక మహిళా పత్రికలో దాని గురించి రాశాడు. "పెట్టెలో పాప" అని శీర్షిక పెట్టారు. అది అక్కడితో ఆగలేదు. ఆ పిల్లకి మతి పోయిందని, ఆత్మహత్య చేసుకుందని దశాబ్దాల పాటు పుకార్లు తిరిగాయి. ఆవిడ నిక్షేపంగా ఉంది, చిత్రకారిణి అయింది. 2004లో గార్డియన్ పత్రికలో ఆ పుకార్లన్నీ అబద్ధమని స్వయంగా రాసుకోవలసి వచ్చింది. తండ్రి మీద ఆవిడకి ఫిర్యాదు లేదు, ప్రేమే ఉంది. కానీ బయటికి వెళ్లిన కథ తండ్రి చెప్పుచేతల్లో ఉండదు. మీ నాన్నగారు క్లాసులో నవ్వుతూ చెప్పిన మాట ఇప్పుడు జిరాక్స్ షాపులో పేజీల లెక్కన అమ్ముడవుతోంది.

ఆ నోట్స్ రాసిన పిల్లల మీద కోపం పెట్టుకోకు. వాళ్లు విన్నదే రాసుకున్నారు, నచ్చిందని ఫీడ్‌బ్యాక్‌లో చెప్పారు. క్లాసు నచ్చడం వేరు, పాఠం బోధపడటం వేరు. 1970లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఒక నటుడిని డాక్టర్ ఫాక్స్ అని పరిచయం చేసి, పొంతన లేని మాటలతో ఉపన్యాసం ఇప్పించారు. విన్నవాళ్లలో మానసిక వైద్యులు, సైకాలజిస్టులు కూడా ఉన్నారు. చాలామంది ఉపన్యాసం బాగుందనే రాసిచ్చారు. మీ నాన్నగారు అలాంటి మనిషని నేననడం లేదు. హాస్టల్ పిల్లల కోసం అర్ధరాత్రి లేచి వెళ్లే మాస్టారు ఏ యూనివర్సిటీకైనా కావాలి. కానీ పిల్లల మెప్పు చూసుకుని ఆయన తన ఉదాహరణని తూచి చూసుకోవడం మానేశారు. ఆ 'నేర్చుకున్న నిస్సహాయత' పాఠమే తీసుకో. సెలిగ్మన్, మేయర్ అనే సైకాలజిస్టులు 1967లో కుక్కల మీద చేసిన ప్రయోగం ఏం చెప్పింది? ఏం చేసినా తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కలు, తర్వాత దారి తెరిచి ఉన్నా చాలావరకు కదలకుండా పడి ఉన్నాయి. నువ్వేం చేశావు? ఒకసారి తప్పావు, తలుపేసుకుని ఏడ్చావు, సప్లిమెంటరీ కట్టావు, పాసయ్యావు, ఇప్పుడు పీజీ సీటు తెచ్చుకున్నావు. ఆ పాఠానికి నువ్వు ఉదాహరణవే కాదు. పిల్లలు పరువు పోయిన నీ కథ గుర్తుపెట్టుకున్నారు, దానితో పాటు పాఠాన్ని తప్పుగా గుర్తుపెట్టుకున్నారు. నువ్వు పాసైన సంగతి ఎందుకు చెప్పలేదో ఆయన్నే అడుగు. నాకూ తెలుసుకోవాలనుంది.

ఇక అందరికీ చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇంటి గుట్టు అంటే మనకు చాలా పట్టింపు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. అప్పులు దాస్తాం, అన్నదమ్ముల తగాదాలు దాస్తాం, తాతగారి తాగుడు దాస్తాం. పిల్లల సంగతులు మాత్రం ఆ గుట్టు లెక్కలోకి రావు. చుట్టాలు వచ్చి కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు పిల్ల మార్కులు, మొటిమలు, బరువు, నెలసరి తేదీలు అన్నీ బయటికొస్తాయి. పిల్లవాడు రాత్రి భయపడి అమ్మ పక్కలోకి వచ్చాడని పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. పిల్ల మొహం మాడ్చుకుంటే "మనవాళ్లేగా, ఏమవుతుందే" అంటారు. మనవాళ్లు అయితే మరీ కష్టం. జీవితాంతం ప్రతి పెళ్లిలోనూ ఎదురుపడేది వాళ్లే.

దీనివల్ల ఏమవుతుందో తల్లిదండ్రులకు తెలుసా? పదమూడేళ్ల పిల్ల తన ఏడుపు సంగతి అమ్మ ఫోన్లో పిన్నికి చెబుతుంటే గోడవతల నుంచి వింటుంది. ఆ రోజుతో ఆ పిల్ల అమ్మకి చెప్పడం మానేస్తుంది. తర్వాత ట్యూషన్ మాస్టారు చెయ్యి వేసినా చెప్పదు, కాలేజీలో ర్యాగింగ్ జరిగినా చెప్పదు. "మా పిల్ల మాతో ఏదీ చెప్పదండీ" అని నాకు ఉత్తరాలు రాసే అమ్మానాన్నలారా, అది మీకు చెబితే ఇంకెంతమందికి చెప్పినట్టో ఒక్కసారి లెక్కపెట్టుకోండి. పిల్లలకి పరువు పెద్దయ్యాక రాదు. తొమ్మిదేళ్ల పిల్లకి తడిసిన పక్కబట్ట దాచుకోవాలనిపించినప్పుడే ఉంది.

ఆ పక్క తడపడం గురించి కూడా ఒక మాట. ఆ వయసులో కూడా అది కొందరు పిల్లల్లో ఉంటుంది. వయసుతో పోతుంది, పోనివాళ్లకి వైద్యం ఉంది. నువ్వు సిగ్గుపడాల్సింది అందులో ఏమీ లేదు. నీ అనుమతి లేకుండా చెప్పడమే తప్పు.

వేరే ఊళ్లో చేరాలా అన్నావు. చేరాలనుంటే చేరు, కానీ ఈ నోట్స్‌కి భయపడి కాదు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఎమ్మెస్సీ ఒక్కటే చాలదు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన శిక్షణ, ఆ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ దారికి ఏ డిపార్ట్‌మెంట్ పనికొస్తుందో చూసుకుని సీటు సంగతి తేల్చుకో. డిపార్ట్‌మెంట్ హెడ్‌కి ఫిర్యాదు చేయడం ఇప్పుడే అవసరం లేదు.

నాన్నగారితో మాత్రం మాట్లాడాలి. ఆ నోట్స్ తెరిచి ఆయన ముందు పెట్టు. "ప్రేమతోనే చెప్పానురా" అంటారు. "పిల్లలందరికీ నువ్వంటే ఎంత ఇష్టమో" అంటారు. వాటితో వాదన పెట్టుకోకు. "మిస్ బి పేరు మార్చారు కదా నాన్నగారూ, నా పేరు ఎందుకు మార్చలేదు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చో. ఇకమీదట ఇంటి సంగతులు క్లాసులో రాకూడదని చెప్పు. ఆ జిరాక్స్ షాపుకి ఆయనే స్వయంగా వెళ్లి నీ పేజీలు తీయించాలి. అన్నీ వెనక్కి రావని నాకూ తెలుసు. అయినా వెళ్లాలి. వచ్చే క్లాసులో పిల్లల ముందు, నా కూతుర్ని అడక్కుండా చెప్పాను, అది తప్పు అని ఒప్పుకోవాలి. ఆ పిల్లలు రేపు కౌన్సెలర్లు అవుతారు, వాళ్లకి ఆ మాట అవసరం. నాలుగు రోజులు ఆయన ముభావంగా ఉండొచ్చు, అన్నం సరిగ్గా తినకపోవచ్చు. జాలిపడి మాట వెనక్కి తీసుకోకు.

కానీ ఇదంతా చేసే ముందు అమ్మ దగ్గరికి వెళ్లు. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ పేజీ. ప్రసవం తర్వాత అలా కుంగిపోవడం జబ్బు, అది ఎందరో తల్లులకి వస్తుంది. నిన్ను వద్దనుకోవడం కాదది. నీకు ఎప్పుడో ఒకప్పుడు, తనకు వీలైన రోజున, తన మాటల్లో చెప్పుకోవాల్సిన సంగతి అది. ఆ అవకాశం ఆవిడకి పోయింది, పోయిందని కూడా ఆవిడకి తెలియదు. ఆవిడ బాధపడుతుందని నువ్వు దాస్తే, ఆవిడ తరఫున నువ్వూ నిర్ణయం తీసుకున్నట్టే. ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు ఆ పేజీ చేతికివ్వు. ప్రశ్నలు వేయకు. ఆవిడ చెబితే విను, చెప్పకపోతే ఊరుకో. నాన్నగారి ముందు ఆ పేజీ పెట్టాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం. వద్దంటే అది తీసి ఆవిడ దగ్గరే ఉంచేసి, నీ పేజీలు మాత్రం పట్టుకెళ్లు.