చెరువు గట్టు మీదికి చక్రాల కుర్చీ వెళ్ళగలదా?

పక్షవాతం వచ్చిన రోగిని ఇంటికి పంపేటప్పుడు "రోజూ కొంచెం నడిపించండి" అని చెబుతాము. ఎక్కడ నడిపించాలో మాత్రం చెప్పము. కర్దనూర్, పటాన్‌చెరు ప్రాంతాలలో చాలా ఇళ్ళ ముందు లారీలు తిరిగే రోడ్డే గాని కాలిబాట లేదు. ఇక మిగిలేది దగ్గరలోని చెరువు గట్టు.

అమీన్‌పూర్ పెద్ద చెరువునే తీసుకుందాము. కుతుబ్‌షాహీల కాలం నాటి ఈ చెరువును 2016లో తెలంగాణ ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ ప్రదేశముగా ప్రకటించింది. చలికాలంలో ఫ్లెమింగోల వంటి వలస పక్షులు వస్తాయి. ఇటువంటి చోటు అందరిదీ. కాని కర్రతో నడిచే తాతగారికి, చక్రాల కుర్చీలోని బిడ్డకు కూడా అది అందాలంటే ముందే ఆలోచించి కట్టాలి.

మొదటి అడ్డంకి గేటు దగ్గరే ఉంటుంది. మోటారు సైకిళ్ళు రాకుండా ఇనుప స్తంభాలు పాతుతారు. చక్రాల కుర్చీకి కనీసం 90 సెంటీమీటర్ల సందు కావాలి. అందులోంచి బండి కూడా దూరిపోతుంది! కాబట్టి స్తంభాలు దగ్గర చేయడం కాక, ఒక కాపలా మనిషిని పెట్టడమే సరైన మార్గమని మా అభిప్రాయం.

తరువాత వాలు. ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి 12 అడుగుల పొడవు వాలు ఉండాలి. అంటే 5 అడుగుల గట్టుకు 60 అడుగులు, మధ్యలో ఆగడానికి చదునైన చోటు అదనం. మూడు గజాలలో నిటారుగా సిమెంటు పోసి "ర్యాంపు ఉంది" అంటే అది కుర్చీ తోసేవారికి ప్రమాదము. మోకాళ్ళ నొప్పి గలవారికి చేతిపట్టు గల బల్లలు దగ్గర దగ్గరగా కావాలి. మరుగుదొడ్డి లేకపోతే మధుమేహ రోగులు, గర్భిణీలు అసలు రారు.

అయితే చెరువు చుట్టూ సిమెంటు పోయమని అడగవద్దు. పక్షులు గుడ్లు పెట్టే ఒడ్డు, రెల్లు ఉన్న వైపు వదిలివేయాలి. ఒకే వైపు, నీళ్ళు కనిపించే చోట, 200 మీటర్ల మంచి బాట చాలు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలవుతున్నది. ప్రజల కొరకు ఏర్పాటు చేసే సౌకర్యాలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని అది చెబుతుంది. అర్జీ ఇచ్చేటప్పుడు ఆ చట్టం పేరు వ్రాయండి. గేటు సందు, మెట్ల ఎత్తు టేపుతో కొలిచి ఆ అంకెలు కూడా వ్రాయండి. వట్టి ఫిర్యాదు కంటే కొలతలకు జవాబు చెప్పక తప్పదు.

ఈలోగా రోగిని తీసుకువెళ్ళేవారికి రెండు మాటలు. చలికాలంలో తెల్లవారుజామున పొగ నేలకు దగ్గరగా నిలిచి ఉంటుంది; ఆయాసం గలవారిని ఎండ వచ్చిన తరువాతే తీసుకువెళ్ళండి. మధుమేహం వలన కాలికి పుండు ఉన్నవారిని చెరువు నీటిలో దిగనివ్వకండి, చెప్పులు తీయనివ్వకండి.