ఆదివారం ఆట చాలదు

ప్రశ్న: కోకాపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారం మూడు గంటలు పూల్ ఆడతాను. అయినా ఆట దిగజారుతోంది. ఎందుకు?

జవాబు: గంటలు తగ్గించి రోజులు పెంచండి. వారం మధ్యలో రెండుసార్లు, అరగంట చొప్పున, ఒంటరిగా ఆడండి. వారమంతా ఆడకపోయినా గురి అంత తొందరగా పోదు. ముందు పోయేది తెల్లబంతిని ఎంత బలంగా కొట్టాలన్న అంచనా. అందుకే స్టాప్ షాట్లతో మొదలుపెట్టండి. తెల్లబంతి ఎదుటి బంతిని నేరుగా తాకి అక్కడికక్కడే ఆగాలి. పక్కకు జరిగితే దెబ్బ నిండుగా పడలేదన్నమాట.

ఆఫీసులో 7 అడుగుల టేబుల్ మీద అలవాటుపడి క్లబ్బులో 9 అడుగుల దాని మీద ఆడితే ఈ అంచనా ఇంకా తప్పుతుంది. క్లాత్ వేగమూ వేరే.

రిలీజ్ వారంలో కుదరదంటారా? ఇంట్లో ఖాళీ సీసాను పడుకోబెట్టి, మూతి అంచులు తగలకుండా క్యూను లోపలికీ బయటికీ ఆడించండి. సొంత క్యూ లేకపోతే కొనుక్కోండి; క్లబ్బుల్లో తిన్నటి కర్ర దొరకడం అదృష్టమే.