సెంట్రింగ్ విప్పని వయసు

థియేటర్లో లైట్లు ఆరిపోతాయి. సినిమా కంటే ముందు తెర మీదికి పొగాకు వ్యతిరేక ప్రకటన వస్తుంది. ఆ గంభీరమైన గొంతు వినపడగానే వెనక వరసల్లోని కుర్రాళ్ళు మాటకు మాట అందుకుంటారు, ఈలలు వేస్తారు. అలాంటి ఒక ప్రకటనలోని ‘ఈ నగరానికి ఏమైంది’ అనే ప్రశ్న జనం నోట్లో ఎంతగా నానిందంటే, 2018లో తరుణ్ భాస్కర్ తన సినిమాకు అదే పేరు పెట్టుకున్నాడు. భయపెట్టడానికి తీసింది కాస్తా నవ్వులపాలైంది.

తప్పంతా కుర్రాళ్ళ మీదికి నెట్టలేం. ఇలాంటి ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది క్యాన్సర్ వార్డు. పదహారేళ్ళవాడి దృష్టిలో అది ఎప్పుడో నలభై ఏళ్ళ తర్వాతి సంగతి, అప్పటికి ఎవడు చూడొచ్చాడు! వాడికి చెప్పాల్సింది ఆ ముసలితనం కథ కాదు. ఈ ఏడాది, ఈ సెమిస్టర్‌లో, వాడి ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పాలి.

ఇంటికి శ్లాబు వేయించినవాళ్ళకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. కాంక్రీటు మర్నాటికే గట్టిపడినట్టు కనిపిస్తుంది. అయినా మేస్త్రీ సెంట్రింగ్ విప్పనివ్వడు. పైన నీళ్ళు కట్టి రెండు మూడు వారాలు ఆగమంటాడు, ఈలోగా బరువులు పెడితే ఊరుకోడు. టీనేజీ ఒళ్ళు సరిగ్గా అలాంటిదే. మీసం మొలిచింది, నాన్న కంటే రెండంగుళాలు ఎత్తు పెరిగాడు కాబట్టి పని పూర్తయిందనుకుంటాం. లోపల ఊపిరితిత్తులు, ఎముకలు, మెదడు ఇంకా కట్టుబడిలోనే ఉంటాయి. నలభై ఏళ్ళవాడు తాగితే కట్టిన ఇంటికి బీటలు పడతాయి. పదిహేనేళ్ళవాడు తాగితే ఇంటి కొలతలే మారిపోతాయి.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. అమెరికాలోని ఆరు నగరాల్లో 10 నుంచి 18 ఏళ్ళ లోపు పిల్లల్ని, మొత్తం పదివేల పైచిలుకు మందిని, పరిశోధకులు ఏటేటా పిలిచి గొట్టంలోకి గట్టిగా ఊదించారు. మొదటి సెకనులో ఎంత గాలి బయటికి వస్తోందో కొలిచారు. ఫలితాలు 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. రోజుకు 5 లేదా అంతకు మించి సిగరెట్లు కాల్చే అమ్మాయిల్లో ఊపిరితిత్తుల ఎదుగుదల ఏటా 1.09 శాతం వెనకబడింది. అబ్బాయిల్లో 0.20 శాతం. అంకె చిన్నదే, కానీ ఏటా పోగుపడుతూ పోతుంది. అంతకంటే ఆలోచించాల్సింది ఇంకోటుంది. పొగ తాగని అమ్మాయిల ఊపిరితిత్తులు 17, 18 ఏళ్ళకు నిండు స్థాయికి చేరి నిలకడగా ఉంటే, తాగేవాళ్ళలో ఆ వయసుకే తరుగుదల కనిపించింది. సిగరెట్‌ను ఆధునికతకు గుర్తుగా పట్టుకునే కాలేజీ అమ్మాయిలకు ఈ లెక్క ఎవరూ చెప్పినట్టు లేదు.

అబ్బాయిలు సంబరపడాల్సిన పనేమీ లేదు. కబడ్డీ ఆడేవాణ్ణి అడిగితే కూత విలువ చెబుతాడు. సిగరెట్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ప్రాణవాయువు కంటే దీని మీద 200 రెట్లకు పైగా మోజు. బస్సులో ముందే కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టు ఆ వాయువు చోటు ఆక్రమిస్తే, ఆక్సిజన్ ఎక్కడానికి జాగా ఉండదు. కోర్టులో కూత సగంలో తెగిపోయేది అందుకే. పొగ తాగే యువకుల గుండె ఊరికే కూర్చున్నప్పుడు కూడా నిమిషానికి రెండు మూడు సార్లు ఎక్కువ కొట్టుకుంటుందని అమెరికా సర్జన్ జనరల్ నివేదిక చెబుతుంది. రెండే అనుకున్నా రోజుకు 2,880 దెబ్బలు అదనం.

‘నాకేం అలవాటు లేదన్నా, ఎప్పుడో ఒకటి’ అనే మాట ప్రతి టీ కొట్టు దగ్గరా వినిపిస్తుంది. మసాచుసెట్స్‌లో జోసెఫ్ డిఫ్రాంజా అనే డాక్టరు 12, 13 ఏళ్ళ బడిపిల్లల్ని గమనించి, 2000లో ప్రచురించిన అధ్యయనం ఈ ధీమాను దెబ్బకొట్టింది. రోజూ తాగడం మొదలుపెట్టకుండానే, అప్పుడప్పుడూ ఒకటి తాగే దశలోనే, కొందరిలో కొద్ది వారాలకే వ్యసన లక్షణాలు కనిపించాయి. నికోటిన్ మెదడును చేరడానికి పట్టేది సెకన్లే. రోజుకో పెట్టె తాగితేనే బానిస అవుతాడన్నది పెద్దవాళ్ళ లెక్క, పిల్లల ఒంటికి అది వర్తించదు.

ఇంతకీ ఆ మెదడు ఏ దశలో ఉంటుంది? అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జే గీడ్ బృందం కొందరు పిల్లల్ని ఎంచుకుని, వాళ్ళ మెదళ్ళనే ఏళ్ళ తరబడి ఎంఆర్ఐ తీస్తూ వచ్చింది. నుదుటి వెనక ఉండే భాగం, అంటే ముందూ వెనకా చూసుకుని ఆగమని చెప్పే భాగం, అన్నిటికంటే ఆలస్యంగా, పాతికేళ్ళు దగ్గరపడ్డాక గానీ పక్వానికి రాదు. సరదా కోరే భాగాలు మాత్రం పదిహేనేళ్ళకే పూర్తి జోరులో ఉంటాయి. వద్దని చెప్పాల్సిన పెద్దమనిషి ఊరికి చేరకముందే జాతర మొదలైనట్టన్నమాట.

మద్యం సంగతికొస్తే, గొప్పగా చెప్పుకునే మాట ఒకటుంది: ‘ఎంత తాగినా నేను స్టడీ.’ నిజమే కావచ్చు. డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, పెద్ద ఎలుకలు తూలి నిద్రలోకి జారుకునే మోతాదులో యౌవనంలోని ఎలుకలు మెలకువగానే ఉన్నాయి. కానీ అదే మత్తు వాటి జ్ఞాపకశక్తిని మాత్రం ఎక్కువగా దెబ్బతీసింది. అంటే ఇక చాలని ఒళ్ళు మోగించాల్సిన గంట ఈ వయసులో సరిగ్గా మోగదు. స్టడీగా ఉన్నానని మరో పెగ్గు పోసుకుంటాడు. రాత్రి ఏం మాట్లాడాడో, బండి ఎక్కడ పెట్టాడో మర్నాడు గుర్తుండదు. స్నేహితులకు అది నవ్వుకునే కథ. నిజానికి ఆ కొద్ది గంటలు మెదడు జ్ఞాపకాలను రాసుకోవడమే మానేసింది.

అతిగా తాగడమంటే ఎంత? మన భాషలో లెక్క కడదాం. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. 42.8 శాతం ఆల్కహాల్ ఉండే విస్కీలో అది రమారమి 60 గ్రాములు. 14, 15 ఏళ్ళ అబ్బాయి రెండు గంటల్లో 56 గ్రాములు, అమ్మాయి 42 గ్రాములు తీసుకుంటే అది ప్రమాదకరమైన అతి తాగుడని అమెరికా జాతీయ మద్య పరిశోధన సంస్థ కొలమానం. ఆ వయసువాడికి సిట్టింగ్‌లో ‘క్వార్టరేగా’ అని తేల్చేసేది గీత దాటినట్టే. లివర్ గంటకు 7 నుంచి 10 గ్రాములకు మించి ఖర్చు చేయలేదు. నిమ్మరసం తాగించినా, తల మీద బకెట్టు నీళ్ళు గుమ్మరించినా దాని వేగం పెరగదు. తడిసిన తాగుబోతు తయారవుతాడు, అంతే.

ప్రాణాల మీదికి వచ్చేది ఇక్కడే. స్పృహ తప్పినవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి ‘పొద్దున్నే దిగిపోతుందిలే’ అని గది తలుపు వేస్తారు. వాంతి శ్వాసనాళంలోకి పోతే పొద్దున్న ఉండదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలకూడదు, పిలిస్తే పలక్కపోయినా, ఊపిరి నెమ్మదించినా 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో తెలిసిపోతుందన్న భయంతో ఆలస్యం చేసేవాళ్ళు స్నేహితులనిపించుకోరు.

చదువు మీద దెబ్బ ఎంతో కూడా కొలిచారు. శాండియాగోలో సాండ్రా బ్రౌన్ బృందం మద్యానికి బానిసలైన 15, 16 ఏళ్ళ పిల్లల్ని, మూడు వారాలు చుక్క ముట్టనివ్వకుండా ఉంచాకే పరీక్షించింది. విన్నదీ చూసిందీ కాసేపాగి అడిగితే, మిగతా పిల్లల కంటే దాదాపు పదో వంతు తక్కువ గుర్తుపెట్టుకున్నారు. ఎంట్రన్స్ ర్యాంకుల కోసం పిల్లల్ని తెల్లవారుజామున నాలుగింటికి లేపే ఇళ్ళలో ఈ పదో వంతు విలువ విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి ఎందుకు మొదలుపెడతారు? రుచి కోసం కాదు. మొదటి దమ్ముకు దగ్గే, మొదటి గుక్కకు వికారమే. మొదలుపెట్టేది ఎవరో ఒక అన్న మెచ్చుకోవాలని. వంద సంవత్సరాలకు ముందే గురజాడ ఈ జబ్బును పట్టుకున్నాడు. ‘కన్యాశుల్కం’లో వెంకటేశానికి గిరీశం దగ్గర నిజంగా వంటబట్టిన విద్య పొగ తాగడమే. ఇప్పటి గిరీశం హాస్టల్ సీనియర్ కావచ్చు, రీల్స్‌లో పొగ ఊదే హీరో కావచ్చు.

ఇలాంటి చోట ‘వద్దని గట్టిగా చెప్పు’ అని వ్యక్తిత్వ వికాసం తరగతుల్లో నేర్పుతారు. మంచిదే కానీ సరిపోదు. మర్నాడు అయిదున్నరకు గ్రౌండ్‌లో ఉండాల్సినవాడికి వద్దనడం తేలిక, వాడి దగ్గర కారణం ఉంది. ఏ పనీ లేక గోడ మీద కూర్చున్నవాడి దగ్గర ఒట్టి మాటే ఉంటుంది. ఐస్‌లాండ్ దేశం పట్టుకున్న కిటుకు ఇదే. 1998లో అక్కడి 15, 16 ఏళ్ళ పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో తాగి మత్తెక్కినవాళ్ళే, 23 శాతం రోజూ సిగరెట్ తాగేవాళ్ళు. ఉపన్యాసాలతో లాభం లేదని తేల్చుకుని, ఆటలకు, సంగీతానికి, నాట్యానికి ప్రభుత్వం డబ్బు పెట్టింది. చలికాలంలో రాత్రి పదయ్యాక పిల్లలు వీధుల్లో తిరగకుండా నియమం పెట్టింది, తల్లిదండ్రులు ఒకరితో ఒకరు ఒప్పందాలు రాసుకున్నారు. 2016 నాటికి తాగినవాళ్ళు 5 శాతానికి, రోజూ పొగ తాగేవాళ్ళు 3 శాతానికి దిగారు. చిన్న దేశం కాబట్టి సాగిందనొచ్చు. ఊళ్ళో ఒక వాలీబాల్ నెట్టు కట్టడానికి మాత్రం దేశం పెద్దదైనా అడ్డేమీ లేదు.

మన దగ్గర చట్టాలకు కొదవలేదు. 2003 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారికి పొగాకు అమ్మకూడదు, విద్యాసంస్థకు వంద గజాల లోపు అసలే అమ్మకూడదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 దాటనిదే మద్యం అమ్మకూడదు. ఈ-సిగరెట్లను 2019లో నిషేధించారు. అయినా అదే ఏడాది జరిగిన జాతీయ సర్వేలో 13–15 ఏళ్ళ విద్యార్థుల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది.

ఆపినవాళ్ళకు ఈ వయసే కలిసొస్తుంది. చివరి సిగరెట్ ఆర్పిన ఒకటి రెండు రోజుల్లో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి దిగుతుంది. కొన్ని వారాల్లో కూత పొడవు తేడా తెలుస్తుంది. మానాలనుకునేవారికి సాయం చేయడానికి ఉచిత ఫోన్ సేవ ఉంది, ఆ నంబరును 2018 నుంచి సిగరెట్ పెట్టెల మీదే అచ్చు వేస్తున్నారు. పాన్ షాపులో విడిగా ఒక్కటే కొనుక్కునే కుర్రాడి కంట ఆ పెట్టె పడదు. అందుకని ఇక్కడ రాస్తున్నాం: 1800-11-2356.