పంచాంగం కింద వెంట్రుక

ఏమర్రా, రెండక్షరాల కోసం ఇంట్లో నెల్లాళ్లు గొడవ జరగడం మీరెక్కడైనా చూశారా? మా ఇంట్లో జరిగింది.

మా అక్క కూతురికి అమెరికాలో మెడికల్ సీటొచ్చింది. స్వీట్లు పంచాల్సింది పోయి, అక్క ఫోన్లో ఒకటే గొణుగుడు. "ఎమ్.డి. కాదటే, డి.ఓ. అట. ఆస్టియోపతీ అట. సంబంధాలవాళ్లు అడిగితే ఏం చెప్పను?" నిజం చెప్పొద్దూ, నాకూ ముందు పుత్తూరు కట్టే గుర్తొచ్చింది.

పిల్లనే అడిగి తెలుసుకున్నాను. అమెరికాలో ఈ డి.ఓ.లు పూర్తి డాక్టర్లే. నాలుగేళ్లు చదివి, ఆపైన రెసిడెన్సీ చేస్తారు. మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. 2020 నుంచి ఎమ్.డి.ల రెసిడెన్సీలూ వీళ్లవీ ఒకే గుర్తింపు కిందికొచ్చాయి. మామూలు వైద్యానికి తోడు, కండరాలూ కీళ్లూ చేత్తో తడిమి సర్దే విద్య నేర్పుతారు. ఇంగ్లండు సంగతి మాత్రం వేరు సుమా. అక్కడి ఆస్టియోపత్‌లకి 1993 నాటి చట్టం ఉంది, రిజిస్టరు ఉంది గానీ వాళ్లు డాక్టర్లు కారు. పేరొకటేగా అని పొరబడకండి.

ఈ విద్యకి ఆద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్. ఆయనా వైద్యుడే. 1864లో మెనింజైటిస్‌తో ముగ్గురు పిల్లలు పోయారు, ఏ మందూ పనిచేయలేదు. పాదరసం మింగించే కాలమది. పదేళ్ల తర్వాత ఆస్టియోపతీని లోకానికి చాటాడు. 1892లో మిస్సోరీలోని కర్క్స్‌విల్‌లో కాలేజీ పెట్టి, మొదటి బ్యాచ్‌లోనే ఆడపిల్లల్ని చేర్చుకున్నాడు. ఆ ముక్క విన్నాక ఆయనంటే నాకు అభిమానం పుట్టింది. అలాగని ఆయన చెప్పిందంతా వేదం కాదు, మందుల మీద మరీ పగబట్టాడు. చేతి చికిత్స నడుము నొప్పికి కొంత మేలు చేస్తుంది గానీ, పుర్రె ఎముకలు సర్ది రోగాలు కుదురుస్తామంటే నమ్మొద్దని మా పిల్లే చెప్పింది.

మొన్న వేసవి సెలవులకి పిల్ల మా ఇంటికి వచ్చింది. ఓ మధ్యాహ్నం చూద్దును కదా, మా అమ్మ దువ్వెనలోంచి ఓ తెల్లవెంట్రుక తీసి పంచాంగంలో కాగితం కింద పెట్టి, కళ్లు మూసుకుని వేలికొసతో వెతుకుతోంది. దొరగ్గానే ఇంకో కాగితం, ఆపైన మరొకటి. కాలేజీలో ఇలాగే సాధన చేయిస్తారట. నేనూ కూర్చున్నాను. నాలుగో కాగితానికే నా వేళ్లు చేతులెత్తేశాయి. తను పదోదాకా వెళ్లింది.

అమ్మకి ఆర్నెల్లుగా మెడా, కుడి భుజమూ ఒకటే సలుపు. రాయని ఆయింట్‌మెంటు లేదు. "నేనింకా డాక్టర్ని కాదు, ముందు ఎక్స్‌రే తీయించండి" అని పంపించింది. ఎముకలకేం ఢోకా లేదన్నారు. అప్పుడు పక్కన కూర్చుని, ఏ చేత్తో బిందె ఎత్తుతావు, ఎటు తిరిగి పడుకుంటావు, రాత్రి ఎన్నిసార్లు మెలకువొస్తుంది అని అడుగుతూ పోయింది. అమ్మని అన్ని ప్రశ్నలు అడిగినవాళ్లు ఈమధ్య ఎవరూ లేరు, నాతో సహా.

సాయంత్రం సీరియల్ వేళకి తలుపు దగ్గర నిలబడి, అమ్మ కూర్చునే తీరు చూసింది. టీవీకి ఎదురుగా నాన్న పడక్కుర్చీ. ఆయన పోయి ఏడాది దాటినా అందులో ఎవరూ కూర్చోరు. అమ్మ పక్కన ముక్కాలిపీట వేసుకుని, మెడ తిప్పి రెండేసి గంటలు చూస్తుంది.

"అమ్మమ్మా, ఆ కుర్చీలో కూర్చోవచ్చుగా?"

అమ్మ పలకలేదు. పిల్ల మళ్లీ అడగలేదు. మా అబ్బాయిని కేకేసి, ఇద్దరూ కలిసి టీవీ బల్లని ముక్కాలిపీటకి ఎదురుగా జరిపారు. పీట తీసి వీపు ఆనేలా ఓ కుర్చీ వేశారు. పడక్కుర్చీ ఉన్నచోటే ఉంది.

అమ్మ భుజం ఇప్పుడు చాలా నయం. సంబంధాలవాళ్ల మాట మాత్రం అక్క ఇంకా ఎత్తుతూనే ఉంది.