బోరింగు హాండిల్ చెప్పిన లెక్క - వజ్ర లబ్ధం



పొద్దున బోరింగు కాడ 6వ తరగతి చెల్లెళ్లు హాండిల్ మీద వేలాడినా నీళ్లు సరిగా రావు. "ఒంట్లో బలం లేదు" అని మనం నవ్వుతాము. నేనూ నవ్విన. కాని తప్పు బలానిది కాదు, పట్టుకునే చోటుది. పైకి లేచిన హాండిల్ కొస వాళ్లకు అందదు. అందుకని నడుమ పట్టుకుంటారు. ఈ సంగతి ఇంటర్ చదివే మా ఊరి అక్క సెలవుల్లో వజ్ర లబ్ధం నేర్పినాక తెలిసింది.

సదిశ అంటే ఏమిటి? పరిమాణంతో పాటు దిశ కూడా ఉన్నది. బోరింగుకు రెండు సదిశలు ఉన్నాయి. హాండిల్ తిరిగే ఇరుసు నుండి చెయ్యి వరకు ఒకటి. చెయ్యి నెట్టే బలం ఇంకొకటి. ఈ రెండింటి వజ్ర లబ్ధమే టార్క్, అంటే తిప్పే ప్రభావం.

సూత్రం: (క, గ) × (చ, జ) = క×జ − గ×చ

మొదటి అంకె కుడివైపు దూరం, రెండవది పైకి. 1 మీటరు హాండిల్ పైకి లేచి ఉన్నప్పుడు చెయ్యి (0.8, 0.6) దగ్గర ఉందనుకుందాం. మూడుసార్లూ బలం 100 న్యూటన్లే, అంటే సుమారు 10 కిలోల బరువంత.

1. నిట్టనిలువుగా కిందికి (0, −100): 0.8×(−100) − 0.6×0 = −80
2. హాండిల్‌కు లంబంగా (60, −80): 0.8×(−80) − 0.6×60 = −100
3. హాండిల్ వెంబడి (80, 60): 0.8×60 − 0.6×80 = 0

చూసారా! అదే బలం, కాని ఒకసారి 80, ఒకసారి 100, ఒకసారి సున్న. హాండిల్ వెంబడి ఎంత గుంజినా చెమటే మిగులుతుంది.

మైనస్ గుర్తు తిరిగే వైపు చెప్తుంది. కుడిచేతి వేళ్లను హాండిల్ వైపు నుండి బలం వైపు ముడిస్తే బొటనవేలు చూపేదే జవాబు దిశ. ఈ బొమ్మ ఇక్కడ గీస్తే అది గోడలోకి పోతుంది, మర మేకు బిగించినట్టు. సదిశల వరుస మారిస్తే గుర్తు మారుతుంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు గిబ్స్ 1881లో తన విద్యార్థుల కోసం అచ్చు వేయించిన పుస్తకంలో ఈ పద్ధతి ఉన్నది.

మన శ్రీరాంపూర్ గనుల్లో టబ్బులు లాగే హాలేజిదీ ఇదే లెక్క. తాడు డ్రమ్ము వ్యాసార్థానికి లంబంగా గుంజుతుంది, కనుక టార్క్ అంటే బలం × వ్యాసార్థం. ఇసుర్రాయి పిడి అంచున ఉండేది కూడా ఇందుకే. మా అమ్మకు లెక్క రాదు గాని సంగతి తెలుసు.

ఇండియా మార్క్-2 బోరింగులో హాండిల్ బలాన్ని 8 రెట్లు చేస్తుంది. నీళ్లు 30 మీటర్ల లోతున ఉంటే సిలిండర్ మీద సుమారు 95 కిలోల నీటి బరువు పడుతుంది. కొస పట్టుకుంటే 12 కిలోల బలం చాలు. నడుమ పట్టుకుంటే 24 కిలోలు కావాలి. చిన్న పిల్ల రెట్టింపు బలం పెట్టాల్సి వస్తుంటే మనం నవ్వుతున్నాం.

మేడం గారికి విన్నపం: బోరింగు కాడ నిలబడటానికి ఒక గట్టి బండ వేయిస్తే చెల్లెళ్లకు కొస అందుతుంది. అప్పటిదాకా అక్కలు హాండిల్ వంచి ఇవ్వండి.

మీకు లెక్క: చెయ్యి (0.4, 0.3) దగ్గర, బలం (0, −100). 80లో సగం వస్తుందా? చేసి చూడండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని